బురద లేని యుద్ధం

ఎక్కడో ఒక ప్రదర్శనశాలలో ఎడ్లబండికి ఒకటే ఎద్దును కట్టి నిలబెట్టారట. దాన్ని చూసిన పెద్దమనిషి ఒకాయన పడీ పడీ నవ్వి, ఆ నవ్వును రాజధాని దాకా మోసుకెళ్ళి అక్కడ మరో నలుగురికి పంచిపెట్టాడట. దాంతో మా శాఖకు రోషం వచ్చింది. శాఖకు రోషం వస్తే ఉత్తర్వు వస్తుంది. "ఇకమీదట ప్రదర్శనశాలలందలి దృశ్యములన్నియు వాస్తవికముగా నుండవలెను. వాస్తవికత యనగా, వాస్తవమునందు వర్తించు సమస్త నియమ నిబంధనలకు లోబడి యుండుట" అని అందులో రాశారు. మొదటి వాక్యం ఎవరు రాశారో గానీ బుద్ధిమంతుడు. రెండో వాక్యం రాసినవాడు ప్రమోషన్ కోసం ఎదురుచూస్తున్నవాడై ఉంటాడు.

నా పేరు పొట్నూరు భానోజీ. జిల్లా శౌర్య స్మృతి ప్రదర్శనశాలలో సీనియర్ అసిస్టెంటుని. ఫైళ్ళు కట్టడం నా ఉద్యోగం, యుద్ధాలు కట్టడం నా పిచ్చి. నిజం యుద్ధరంగాన్ని ముప్పై అయిదో వంతుకు కుదించి బల్లమీద పరుస్తాను. ఆ లెక్కన ఆరడుగుల సైనికుడు రెండంగుళాలు ఉంటాడు. థర్మాకోలుతో కొండలు, వట్టివేళ్ళతో చెట్లు, కొబ్బరిపీచుతో గడ్డి. మట్టి మాత్రం వాడేసి ఎండబెట్టిన టీపొడి. తాగిన తర్వాతే కదా తీసుకుంటున్నాను అని నేనంటే, "మట్టి కావాలని ఇంటికొచ్చినవాళ్ళందరికీ మీరే టీ తాగిస్తున్నారు, ఇంక మా పుట్టింటివాళ్ళు రావడానికే భయపడుతున్నారు" అని మా ఆవిడ అంటుంది. ఈ పిచ్చి సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు కాబట్టి, ప్రదర్శనశాల మధ్యహాల్లో పెట్టే పెద్ద దృశ్యాన్ని నాకే అప్పగించారు.

ఏ యుద్ధం కట్టాలా అని నేను ఆలోచిస్తుండగా గోకర్ణవలస నుంచి లెంక అప్పలనర్సయ్య గారు వచ్చారు. హవల్దారుగా రిటైరైన మనిషి. ఎనభై దాటాయి, ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోది పోవడానికి సిద్ధంగా ఉంది.

"కొండల్లో యుద్ధమప్పుడు బాబూ, మా లారీ బురదలో దిగబడిపోనాది" అన్నారాయన కుర్చీలో కూర్చోకుండానే. "నలుగురం దిగి నెట్టినాం. ఎనకాల భుజం పెట్టినోడు మా సింహాద్రి. బోణి సింహాద్రి, నాయక్. బండి లేచినాది, మేం ఎక్కేసినాం. ఆడు సక్రం కింద ఎట్టిన సెక్క తీసుకొత్తానని ఉండిపోనాడు. అప్పుడే గుండు పడ్డాది. ఆడి ఫొటో ఒకటీ నేదు. నా ఈ కన్ను కూడా పోతే ఆడి మొకం ఎక్కడా ఉండదు. ఒకపాలి సూపిస్తావా?"

నేను కాదనలేకపోయాను. కాదనాలనీ అనిపించలేదు. మిగతా సైనికుల్ని కొన్న బొమ్మల ముక్కలు అతికించి చేశాను గానీ సింహాద్రిని మాత్రం మైనంతోనూ మట్టితోనూ నా చేత్తో చేశాను. అప్పలనర్సయ్య గారు పక్కన కూర్చుని చెప్పేవారు. ముక్కు ఇంకాస్త బండ. చేతులు మోచేతి దాకా మడత. నవ్వు ఎడంపక్కకి. మొహం మినపగింజంత. దాంట్లో ఎడంపక్క నవ్వు వేయడానికి ఒక్క వెంట్రుక ఉన్న కుంచె వాడాను. పూర్తయ్యాక ఆయన భూతద్దంలోంచి అతన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత, "దొంగనాకొడుకు, సావనేదు" అన్నారు. నా జన్మకి అంతకన్నా మంచి సర్టిఫికెట్ ఎవరూ ఇవ్వలేదు.

దృశ్యం కూడా అచ్చం ఆయన చెప్పినట్టే కుదిరింది. లారీ వెనకచక్రాలు సగం మునిగిన బురద, పక్కన పైకప్పు కూలిన ఇల్లు, గుండు పడ్డ గొయ్యి, గోతిలో నీళ్ళు, తుప్పు, చిరుగులు, అలసట. ముఖ్య అతిథి వచ్చి రిబ్బను కత్తిరించడమే తరువాయి. ఆ రోజున సింహాద్రిని ఆ బురదలో మళ్ళీ చూడాలని అప్పలనర్సయ్య గారు కంటి ఆపరేషన్ కూడా వాయిదా వేసుకున్నారు. ఆపరేషన్ అయితే చూపు రావచ్చు, పోనూ వచ్చునని డాక్టరు చెప్పాడట.

సరిగ్గా అప్పుడే పైన చెప్పిన ఉత్తర్వు వచ్చింది.

మా జాయింట్ డైరెక్టరు (అందరికీ జేడీ) కొచ్చెర్లకోట దక్షిణామూర్తి గారు చెడ్డవారు కారు. నియమం కనిపిస్తే ఆయనకు ఆకలి వేస్తుంది, అంతే. ఉత్తర్వును రెండుసార్లు పైకి చదివించుకుని, భూతద్దం తీసుకుని, బల్ల చుట్టూ ప్రదక్షిణం చేశారు.

"భానోజీ, ఈ వాహనానికి నంబరేదీ?"

"బురద కింద ఉంది సార్."

"బురద కింద ఉన్న నంబరు చట్టం దృష్టిలో లేనట్టే. కాలుష్య ధ్రువపత్రం ఉందా?"

"బొమ్మ సార్ అది."

"బొమ్మ అని ఉత్తర్వులో ఎక్కడైనా ఉందా? దృశ్యం అని ఉంది. వాస్తవికం అని ఉంది. సంబంధిత శాఖలన్నిటికీ లేఖలు పెట్టు. క్షేత్రస్థాయి పరిశీలన నిమిత్తం తక్షణమే విచ్చేయవలసిందిగా."

ముందుగా రవాణా శాఖ నుంచి ఒక సన్నపాటి ఉద్యోగి విచ్చేశాడు. మోకాళ్ళ మీద కూర్చుని, పెన్ను రీఫిలుతో నేను చేసిన పొగగొట్టం దగ్గర ముక్కు పెట్టి పీల్చాడు.

"పొగ రావడం లేదండి" అన్నాడు విచారంగా.

"రాకపోతే మంచిదే కదా" అన్నారు జేడీ గారు.

"పొగ రాని బండికి పొగ పరీక్ష ఎలా చేస్తామండీ? పరీక్ష చేయని బండికి పత్రం ఎలా ఇస్తాం?"

ఈ ధర్మసందేహం మీద ఇద్దరూ టీ తాగారు. (ఆ పొడి నేను దాచుకున్నాను.) చివరికి అటెండరు చేత అగరుబత్తి తెప్పించి రీఫిలు గొట్టంలో గుచ్చి వెలిగించారు. మల్లెపూల వాసన గల పొగ నిర్ణీత పరిమితిలోనే ఉన్నదని పత్రం వచ్చింది. నంబరు కనబడాలి కాబట్టి లారీని కడిగించారు. నేను ముచ్చటపడి పట్టించిన తుప్పంతా స్పిరిట్ దూదితో పోయింది. డ్రైవరుకు సీటుబెల్టు లేదని గమనించి, నల్లదారం కట్టించి మరీ వెళ్ళాడు ఆ మహానుభావుడు.

తర్వాత మా శాఖ అసిస్టెంటు ఇంజినీరు గుణశేఖరం వచ్చాడు. ఇతను కూలిన ఇంటిని చూసి చలించిపోయాడు.

"ఇది ప్రజలకు ప్రమాదకరమైన శిథిల భవనం సార్. యజమానికి నోటీసు అంటించాలి."

నువ్వుగింజంత నోటీసు రాసి నేనే అంటించాను. గడువు లోపల యజమాని సమాధానం ఇవ్వలేదు. యజమాని మొండివైఖరిని దృష్టిలో ఉంచుకుని ప్రభుత్వమే మరమ్మతు చేయాలని తీర్మానించారు. కంట్రాక్టరు నిజం తాపీ, నిజం సిమెంటు పట్టుకుని వచ్చాడు. తాపీ ఇంటికన్నా పెద్దది. అయినా అనుభవజ్ఞుడు కాబట్టి పని పూర్తి చేశాడు. కప్పు వేసి, గోడలకు లేతపసుపు రంగు కొట్టి, గుమ్మం పక్కన మరుగుదొడ్డి కూడా కట్టేశాడు. మరుగుదొడ్డి లేకపోతే బిల్లు పాస్ కాదట. యుద్ధరంగంలో ఉన్న ఇల్లని నేను గొణిగితే, "యుద్ధమైతే మాత్రం అవసరం ఉండదా?" అన్నాడు.

గుండు పడ్డ గొయ్యి దగ్గర రోడ్ల శాఖ వారు నొచ్చుకున్నారు. "మా జిల్లాలో రోడ్ల మీద గుంతలు లేవని మొన్ననే నివేదిక పంపాం. ఇది చూస్తే పైవాళ్ళు ఏమనుకుంటారు?" అని పూడ్పించేశారు. గోతిలో నీళ్ళలో దోమలు పుట్టే అవకాశముందని మలేరియా విభాగం వారు అప్పటికే మందు చల్లిపోయారు. అటవీశాఖ వారు వట్టివేళ్ళ చెట్లకు వరసగా నంబర్లు వేసి, అనుమతి లేకుండా కొమ్మలు తుంచరాదని నన్ను హెచ్చరించారు.

ఇంక మిగిలింది బురద.

దాని గురించి నాకు బెంగగానే ఉంది. టీపొడిలో జిగురు కలిపి, తడి కనబడడానికి పైన వార్నిష్ పూసి, చక్రం జారిన చాలు పుల్లతో గీసి, నా ప్రాణమంతా పెట్టిన బురద అది. జేడీ గారు దాని మీద భూతద్దం పెట్టి చూసి, మొహం తిప్పేసుకున్నారు.

"పరిశుభ్రతా పక్షోత్సవాలు జరుగుతుండగా మధ్యహాల్లో బురదా? తొలగించి సిమెంటు రోడ్డు వేయించండి."

"సార్, బురద తీసేస్తే లారీ దిగబడదు" అన్నాను.

"దిగబడకపోతే ప్రయాణికులకు సౌకర్యమే కదా?"

"యుద్ధం కథే అది సార్. లారీ దిగబడింది, మనవాళ్ళు నెట్టారు."

"మన రోడ్ల మీద లారీలు దిగబడతాయని ప్రభుత్వ హాలులో ప్రదర్శిస్తామా? గుణశేఖరం, స్పీడ్ బ్రేకరు కూడా వేయించు. మలుపు ఉంది."

రోడ్డు పడింది. లారీ తళతళలాడుతూ దాని మీద నిలబడింది. దాని వెనక నలుగురు సైనికులు, ఎంతమాత్రం నెట్టక్కరలేని లారీని ఒళ్ళువంచి నెడుతూ ఉండిపోయారు. ఆ నలుగుర్నీ చూసి జేడీ గారి కనుబొమ్మలు ముడిపడ్డాయి. మర్నాడు సమీక్షా సమావేశం పెట్టారు.

"పని లేని చోట నలుగురు సిబ్బంది. దీన్ని ఏమంటారు?"

"మిగులు సిబ్బంది అంటారు సార్" అన్నాడు గుణశేఖరం.

"మిగులు సిబ్బందిని?"

"సర్దుబాటు చేస్తారు సార్."

ముగ్గురిని తేలిగ్గానే సర్దుబాటు చేశారు. అతికించిన బొమ్మలు కాబట్టి నడుములు విరిచి నిటారుగా నిలబెట్టి, చేతుల్లో పూలదండలు పెట్టి, ముఖ్య అతిథికి స్వాగతం చెప్పే వరసలో చేర్చారు. సింహాద్రితోనే చిక్కు వచ్చింది. అతను ఏకముక్క. విరిస్తే నడుం కాదు, మనిషే పోతాడు. వంగినవాడు వంగినట్టే, భుజం పెట్టినట్టే, నవ్వుతూ ఉన్నాడు.

"వంగి ఉన్నవాడు స్వాగత వరసలో పనికిరాడు. అతిథి గారికి అపార్థం అవుతుంది" అన్నారు జేడీ గారు. "పైగా చొక్కా చిరిగి ఉంది. ఇతన్ని బదిలీ చేద్దాం."

"ఎక్కడికి సార్?" అన్నాను.

"స్టోర్ రూముకి. ఉత్తర్వు తయారుచెయ్యి."

నేను బతిమాలాను. ఒక ముసలాయన దీనికోసమే కన్ను దాచుకుని కూర్చున్నాడని చెప్పాను. జేడీ గారు శ్రద్ధగా విని, "మానవీయ కోణంలో నాకు బాధగానే ఉంది" అని, ఆ బాధతోనే సంతకం పెట్టారు. "నాయక్ బోణి సింహాద్రి, రెండంగుళములు, మధ్యహాలు, పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా స్టోర్ రూమునకు బదిలీ చేయడమైనది. వెంటనే రిలీవ్ కావలెను." నేనే టైపు చేశాను, నేనే అతన్ని దూదిలో చుట్టి విరిగిన కుర్చీల మధ్య ఒక అరలో పెట్టాను. ఆ రోజు ఇంటికెళ్ళి చెప్పులు కూడా విప్పకుండా అరుగు మీద కూర్చున్నాను. మా ఆవిడ అడక్కుండానే టీ ఇచ్చింది.

ప్రారంభోత్సవం రానే వచ్చింది. పెద్దలు వస్తున్నారంటే మన దగ్గర ఏం చేస్తారో అవన్నీ చేశారు, మరి వాస్తవికత కదా. వట్టివేళ్ళ చెట్ల మొదళ్ళకు సున్నం కొట్టి పైన ఎర్రని జాజు పట్టీ తీశారు. సిమెంటు రోడ్డుకు ఇరుపక్కలా బ్లీచింగ్ పౌడరు గీత గీయాలన్నారు. అసలుది ఘాటుగా ఉంటుందని, గుణశేఖరం వాళ్ళ పాప మొహానికి రాసే పౌడరు తెచ్చి గీశాడు. మరమ్మతు చేసిన ఇంటిమీద అగ్గిపెట్టెంత ఫ్లెక్సీ కట్టారు. దాంట్లో అతిథి గారి మొహం కందిగింజంత, జేడీ గారి మొహం ఆవగింజంత. కొండమీద పహరా కాస్తున్న సైనికుడికి ఎండ తగులుతుందని షామియానా వేశారు. గోధుమగింజంత కొబ్బరికాయ కూడా ఒకటి పెట్టారు గానీ అది కొట్టేవాడు దొరకలేదు.

అతిథి గారు వచ్చారు. పాపం మంచి మనిషి. బల్లను ఆ చివర నుంచి ఈ చివర దాకా ముచ్చటగా చూశారు.

"బాగుందయ్యా. సిమెంటు రోడ్డు, చెట్లు, మరుగుదొడ్డి, బందోబస్తు. ప్లాటు గజం ఎంత పెట్టారు?"

జేడీ గారు గుణశేఖరం వైపు చూశారు.

"సార్, ఇది యుద్ధరంగం" అన్నారు జేడీ గారు.

"అవునా? యుద్ధం ఎక్కడ జరుగుతోంది?"

జేడీ గారు వెతికారు. గుణశేఖరం వెతికాడు. నిజంగానే ఎక్కడా జరగడం లేదు. చివరికి జేడీ గారు, "శాఖల సమన్వయంతో నివారించాం సార్" అన్నారు. అతిథి గారు చప్పట్లు కొట్టారు, అందరూ కొట్టారు. నాకు నవ్వు ఆగలేదు. స్తంభం వెనక్కి వెళ్ళి నవ్వుతుండగా గుమ్మంలో అప్పలనర్సయ్య గారు కనిపించారు. నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఇస్త్రీ చేసిన చొక్కా, దాని మీద పతకాలు. మనవరాలు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆయన తిన్నగా బల్ల దగ్గరికి వచ్చి, జేబులోంచి తన భూతద్దం తీసి, లారీ వెనక్కి వంగారు. చూశారు. ఇంకా వంగి చూశారు. అద్దం తుడుచుకుని మళ్ళీ చూశారు.

"భానోజీ బాబూ, నా కన్ను పోనాదేటి? బురద కనబడ్నేదు."

"మీ కన్ను బాగానే ఉంది నాయనా. బురద తీసేశారు."

"మరి మావోడో?"

చెప్పక తప్పలేదు. జరిగిందంతా చెప్పాను. చెబుతుంటే నాకే సిగ్గేసింది.

"బదిలీ అంటే, కాయితం ఇచ్చినారా?"

ఫైల్లోంచి ఉత్తర్వు తీసి ఇచ్చాను. మనవరాలు చదివి వినిపించింది. ఆయన రెండోసారి చదవమన్నారు. తర్వాత కాగితం మడిచి పట్టుకుని, అతిథి గారి పక్కన నిలబడి ఉన్న దక్షిణామూర్తి గారి ముందుకు వెళ్ళి, కాళ్ళు దగ్గరకు చేర్చి సెల్యూట్ కొట్టారు. ఆ వయసులో ఆ సెల్యూట్ చూసి హాల్లో వాళ్ళందరూ తెలియకుండానే నిటారుగా నిలబడ్డారు.

"అయ్యా, ఈ కాయితం మీరిచ్చిందేనా?"

"అవును. పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా."

"అయితే మా సింహాద్రి డూటీలో ఉన్నట్టే గదా. సచ్చిపోనోడికి బదిలీ నేదు."

జేడీ గారు ఆలోచించారు. ఆయన ఏ ప్రశ్న గురించైనా ఆలోచించేవారు, అది ఆయన గొప్పతనం. "నిబంధనల ప్రకారం, బదిలీ ఉత్తర్వు విధి నిర్వహణలో ఉన్నవారికే వర్తిస్తుంది. కాబట్టి డ్యూటీలో ఉన్నట్టే" అన్నారు.

అప్పలనర్సయ్య గారు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. "ఊరోళ్ళందరూ సచ్చిపోనాడన్నారయ్యా. ఆడి తల్లి కూడా అదే అనుకుని పోనాది. తమరొక్కరే డూటీలో ఉన్నాడన్నారు. దానికి దణ్ణం. ఇప్పుడు నాదొక మనవి. ఆడికి సెలవు ఇప్పించాల."

"ఏ ప్రాతిపదికన?"

"సెలవు అప్పుడే రాసినారయ్యా. మా ఆఫీసరు సాయిబు సంతకం పెట్టినాడు. ఆ తెల్లారే ఆడు ఇంటికి బయల్దేరాల. బండి ఎక్కి కూకోవలసినోడు, లారీ దిగబడ్డాదని నెట్టడానికి దిగినాడు."

ఇది నాకూ తెలియదు. అన్నాళ్ళు పక్కన కూర్చుని ముక్కు, చెయ్యి, నవ్వు అన్నీ చెప్పిన మనిషి ఇదొక్కటీ చెప్పలేదు.

జేడీ గారు కళ్ళజోడు తీశారు. మళ్ళీ పెట్టుకున్నారు. "మంజూరైన సెలవును ఆ తర్వాత ఎవరైనా రద్దు చేశారా?" అని అడిగారు.

"ఎవులు సేత్తారయ్యా."

"అయితే అది ఇంకా అమలులోనే ఉంది."

అతిథి గారు, కెమెరాలవాళ్ళు చూస్తుండగా మా జేడీ గారు అక్కడే, సిమెంటు రోడ్డు పక్కన, బల్ల అంచు మీద కాగితం పెట్టి స్వయంగా రాశారు. అంతవరకూ ఆయన స్వయంగా సంతకం తప్ప మరేదీ రాయగా నేను చూడలేదు. నాయక్ బోణి సింహాద్రికి పూర్వం మంజూరైన సెలవును వినియోగించుకొనుటకు అనుమతించడమైనది. స్వగ్రామం వరకు తోడు, హవల్దారు లెంక అప్పలనర్సయ్య. అక్కడిదాకా గడగడా రాసేశారు. కింద, తిరిగి విధులలో చేరవలసిన తేదీ దగ్గర, కలం ఆగింది.

గుణశేఖరం వంగి చూసి, "తేదీ వెయ్యాలి సార్" అన్నాడు.

జేడీ గారు ఆ చోటు ఖాళీగా ఉంచి సంతకం పెట్టారు.

నేను స్టోర్ రూమ్‌కి పరిగెత్తుకెళ్ళి సింహాద్రిని దూది విప్పి తెచ్చాను. అప్పలనర్సయ్య గారు అతన్ని అరచేతిలో పెట్టుకుని, భూతద్దంతో అతని మొహం చూసి, పతకాల పక్కన చొక్కా జేబులో నిలబెట్టుకున్నారు. వంగిన తల బయటికి కనబడుతోంది. మనవరాలి చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు నడుస్తూ, జేబువైపు తల వంచి అన్నారు.

"పదరా, బస్సెల్లిపోద్ది."